మామూలు, తిరుగుబాటు, లెక్క: మురుగమల్ల సీమ చరిత్ర చెప్పు పాఠము

'మామూలు' అను మాటకు తెలుగున రెండర్థములు కలవు. ఎప్పటివలె జరుగునది మామూలు. కచేరిలో పని జరుగుటకై చేతిలో పెట్టునదియు మామూలే. లంచము అన్నచో తప్పు చేసినట్లు తోచును. మామూలు అన్నచో ఆచారము పాటించినట్లు తోచును. అరబ్బీ నుండి ఉర్దూ ద్వారమున వచ్చిన ఈ ఒక్క మాటలో, అన్యాయమునకు ప్రజలు అలవాటుపడిన చరిత్ర యంతయు ఇమిడియున్నది. ఆ అలవాటు ఎట్లేర్పడును? అది తెగి తిరుగుబాటుగా ఎప్పుడు మారును? తిరుగుబాటు ముగిసిన పిమ్మట మరల ఎట్లు తలయెత్తును? ఈ ప్రశ్నలకు మైసూరు సీమ చరిత్ర, అందును ఆ సీమ తూర్పుభాగపు చరిత్ర, తగిన సమాధానము చెప్పుచున్నది.

మురుగమల్ల ఆ తూర్పుభాగమునకు చెందిన యూరు. నేడది కర్ణాటక రాష్ట్రమున చిక్కబళ్లాపురము జిల్లా చింతామణి తాలూకాలో నున్నది. 2007లో ఈ జిల్లా ఏర్పడువరకు కోలారు జిల్లాలోనిది. ఇచ్చటి ముక్తీశ్వరాలయమునకును, అమ్మాజాన్ బావాజాన్ దర్గాకును దూరప్రాంతములనుండి యాత్రికులు వత్తురు. ఉత్తరమున బాగేపల్లి దాటినచో అనంతపురపు సీమ, తూర్పున మదనపల్లె సీమ. ఇంటిభాష తెలుగు, కచేరిభాష వేరు అగుట ఇచ్చటి కుటుంబములు పలుతరములుగా ఎరిగిన స్థితి.

రెండు వందల యేండ్లలో ఈ సీమ అనేక ప్రభుత్వములను చూచినది. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిమ్మట ఒడయరుల రాజ్యము, 1831 నుండి కంపెనీ కమిషనర్ల పాలన, 1881లో మరల ఒడయరులు, 1947లో ప్రజాప్రతినిధుల మంత్రివర్గము, 1950 నుండి భారత రాజ్యాంగము. సింహాసనము మారినప్పుడెల్ల కచేరి గుమ్మమువద్ద నిలిచిన రైతు స్థితి ఎంత మారినది అనునదే విచారింపవలసిన విషయము.

షరతు

టిప్పు సుల్తాను మరణానంతరము అయిదేండ్ల బాలుడైన మూడవ కృష్ణరాజ ఒడయరు సింహాసనమెక్కెను. దివాను పూర్ణయ్య రాజ్యభారము వహించెను. కంపెనీకి ఏటేట ఏడు లక్షల వరహాల కప్పము చెల్లించుచునే, ఆయన 1811లో పదవి విడుచునాటికి బొక్కసమున సుమారు రెండు కోట్ల రూపాయలు నిలువయుంచెనని చరిత్రకారులు వ్రాసిరి. యువరాజు స్వయముగ పాలించుటకు ఆరంభించిన తరువాత కొలదికాలముననే ఆ నిలువ కరగిపోయెను. కప్పము మాత్రము తగ్గలేదు. ధనము కావలసివచ్చెను, దానిని రాబట్టుటకు 'షరతు' విధానము ప్రబలెను.

షరతు స్వరూపమిది. తాలూకాను పాలించు అమీలుదారు, ఆ యేడు ఇంత మొత్తము వసూలు చేసియిత్తునని ముచ్చలిక వ్రాసియిచ్చును. ఆ మొత్తము సాధారణముగ నిరుటికంటె హెచ్చుగనే యుండును. తక్కువ వచ్చినచో లోటు తాను పూరింపవలెను. ఎక్కువ వచ్చినచో మిగులు సర్కారుకు చెల్లింపవలెను. రైతులను పీడింపననియు, క్రొత్త పన్నులు వేయననియు అదే ముచ్చలికలో వ్రాయబడును. కాని ఆ వాక్యము మీరినవానికి శిక్ష లేదు; మొత్తము తగ్గినవానికే శిక్ష. ఉదాహరణకు, నిరుడు వేయి వరహాలు వచ్చిన తాలూకాకు ఈయేడు పదునొకండు వందలు ఒప్పుకొన్న అమీలుదారు, వాన కురిసినను కురియకున్నను ఆ నూరు వరహాలు ఎచ్చటనుండియో తేవలెను. పైగా ఆ పదవికై కొలువులో తాను ఇచ్చుకొన్నదానిని రాబట్టుకొనవలెను. ఈ రెండును రైతు గాదెనుండియే రావలెను.

ఇట్టి విధానము మైసూరుకే ప్రత్యేకమైనది కాదు. ఫ్రాన్సు దేశమున రాజుకు ముందుగా మొత్తము చెల్లించి ప్రజలవద్ద పన్నులు పిండుకొను గుత్తదారుల సంఘముండెను. 1789 విప్లవమునకు గల కారణములలో వారిపై ప్రజలకు గల ద్వేషమొకటి. 1794లో ఆ గుత్తదారులలో పలువురు శిరచ్ఛేదము పొందిరి. ప్రఖ్యాత రసాయనశాస్త్రజ్ఞుడు లవోయిజే వారిలో నొకడు. పన్ను వసూలును బేరముగ మార్చిన ప్రభుత్వము తన ప్రజలను తానే శత్రువులను చేసికొనును.

అయినను ఇచ్చట గమనింపవలసిన ముఖ్యాంశము వేరొకటి కలదు. షరతు విధానము ఒక్కయేటిలో తిరుగుబాటు తేలేదు. పదునైదు, ఇరువది యేండ్లు నడచినది. ఆ కాలమున రైతులు అర్జీలు పెట్టిరి, అమీలుదారుని బ్రతిమాలిరి, శానుభోగునకు మామూలిచ్చి తమ పొలమునకు మాత్రము కొంత ఊరట సంపాదించుకొనిరి. ప్రతి కుటుంబమును తనకై తాను వెదకుకొన్న ఈ చిన్న ఊరటయే విధానమునకు దీర్ఘాయువు నిచ్చినది. ఒకడు మామూలిచ్చి తప్పించుకొన్న భారము పొరుగువాని పొలముపై పడును. వాడును అట్లే చేయును. చివరకు ఈయలేనివాడు మిగులును. మామూలు ఇచ్చినవాడు తాను మోసపోయితినని తలపడు, నేర్పుతో బయటపడితినని తలచును. ప్రజల నిర్లిప్తత యనగా ఇదియే. అది భయమునుండి మాత్రమే పుట్టినది కాదు, ఈ చిన్న గెలుపులనుండియు పుట్టినది.

దీనికి ఊతమిచ్చిన భావమొకటి కలదు: 'కలికాలము, ఇట్లే యుండును' అనుట. చింతామణి సమీపమున కైవారమున నివసించిన నారాయణ తాతగారు సంప్రదాయము ప్రకారము ఈ కాలముననే జీవించి, తెలుగున కాలజ్ఞానము చెప్పిరి. కాలజ్ఞానమను వాఙ్మయశాఖను వినువాడు రెండు విధముల గ్రహింపవచ్చును. రానున్న చెడుగును తెలిపి మేలుకొమ్మను హెచ్చరికగ గ్రహింపవచ్చును. చెడుగు విధిలిఖితమేగదా యని నిద్రించుటకు సాకుగను గ్రహింపవచ్చును. చెప్పినవారి యుద్దేశము మొదటిదే యైనను, వినువారు పలుమారులు రెండవదానినే ఆశ్రయించిరి.

కూటము

మైసూరు దురవస్థ కంపెనీవారికి తెలియకపోలేదు. రాయలసీమను దత్తమండలముల కలెక్టరుగ పాలించి తెలుగువారికి సుపరిచితుడైన సర్ థామస్ మన్రో, మద్రాసు గవర్నరుగ 1825లో మైసూరు వచ్చి, ఆదాయవ్యయముల లెక్కలను సరిగ నుంచవలెననియు, లేనిచో కంపెనీ జోక్యము తప్పదనియు రాజును హెచ్చరించెను. 1827లో మన్రో కర్నూలు సీమలోని పత్తికొండవద్ద మరణించెను. హెచ్చరిక కాగితముపైననే మిగిలెను.

1830లో పడమటి మలెనాటియందు నగర ప్రాంతమున రైతులు కూటములు కూడిరి. ఊరూర రైతులు గుంపులై శిస్తు చెల్లింపమని కట్టుబాటు చేసికొనిరి. మొదట వారు రాజును పడద్రోయవలెనని కోరలేదు. తమ మొర వినవలెనని, అక్రమపు వసూళ్లు మానవలెనని కోరిరి. వినువారు లేనందున కూటము తిరుగుబాటయ్యెను. నగరసీమ పూర్వరాజుల వారసుడనని చెప్పుకొన్న బూది బసవప్ప, తరికెరె పాలెగాడు రంగప్ప నాయకుడు దానిలో చేరి తమ రాజకీయ కాంక్షలను రైతుల కష్టములతో ముడివేసిరి. రాజసైన్యము చాలకపోగా, 1831లో కంపెనీ సైన్యము నగరమును పట్టుకొనెను. ఆ యేటి అక్టోబరులో గవర్నరు జనరలు విలియం బెంటిక్ ఆజ్ఞచే రాజ్యపాలన రాజుచేతినుండి కమిషనర్ల చేతికి పోయెను.

తిరుగుబాటు కారణములను విచారించుటకు నియమితమైన హాకర్, మారిసన్, మక్లాయిడ్, కబ్బన్ గారల సంఘము 1833లో నివేదిక సమర్పించి, షరతు విధానమును, అధికారుల అక్రమములను ఎత్తిచూపెను. అయినను రాజ్యము తీసికొనుట న్యాయమా యను సందేహము బెంటిక్‌కే తరువాత కలిగెను. దురాశతో రాజ్యము తీసికొనిరనువారికి ఆధారములు కలవు. దుష్పరిపాలనము నిజమేననువారికిని ఆధారములు కలవు. ఈ రెండింటి నడుమ మరువబడినవాడు కూటమునకు వచ్చిన రైతు. వాడు లెక్క అడిగెను. లభించినది యజమాని మార్పు.

మంచి దొరతనము

1834 నుండి 1861 వరకు కమిషనరుగ నుండిన మార్కు కబ్బను పాలన ఈ తూర్పుసీమకు బాగుగ తెలిసినది. ఆయన వేసవి విడిది నందికొండపైననే యుండెను. ఆయన కాలమున 769 చిల్లర పన్నులు రద్దుకాబడినవి. వానిలో పెండ్లికి పన్ను, బిడ్డ పుట్టినందుకు పన్ను, పేరు పెట్టినందుకు పన్ను, పుట్టువెండ్రుకలు తీయించినందుకు పన్ను కూడ నుండినవి. ఒక యూరివారు, తమ పూర్వులు పాలెగాని తప్పిపోయిన గుఱ్ఱమును వెదకి పట్టలేదన్న నేరమునకు తరతరములుగ పన్ను కట్టుచుండిరట! గుఱ్ఱము పోయెను, పాలెగాడు పోయెను. పన్ను మాత్రము నిలిచెను. ఎందుకు కట్టవలెనని అడిగినవాడు లేనంతకాలము ఎట్టి వసూలైనను మామూలగునని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

కబ్బను చేసిన మేలు నిజమైనది. కాని ఆ పాలన ప్రజలకు జవాబు చెప్పవలసినది కాదు. పై అధికారులకే చెప్పవలసినది. లెక్కలు మరాఠీ, కన్నడములందు నడచెను. తెలుగు రైతు తన పొలపు లెక్క తాను చదువుకొనలేక శానుభోగుని నోటినుండియే వినవలసియుండెను. 1876-78 నాటి కాటకమున మైసూరు ప్రజలు లక్షల సంఖ్యలో మరణించిరి. 1871లో ఏబది లక్షలకు మించిన జనాభా 1881లో సుమారు నలుబదిరెండు లక్షలకు దిగెను. నీతిగల అధికారియైనను, ప్రజల నోరు వినిపింపని పాలనకు చెవి యుండదు.

ఈ లోపమును గుర్తించినవాడు దివాను రంగాచార్లు. 1881లో రాజ్యము మరల ఒడయరులకు చేరిన యేడే ఆయన మైసూరు ప్రజాప్రతినిధిసభను స్థాపించెను. అక్టోబరు 7న 144 మంది సభ్యులతో అది తొలిసారి కూడెను. సభకు అధికారము లేదు. కష్టములు విన్నవించుకొనుట మాత్రమే కలదు. అయినను ప్రభుత్వపు జమాఖర్చులు ప్రజలయెదుట చదువబడుట ఆ దేశమున అదియే మొదలు. నగరపు రైతు అడిగిన ప్రశ్నకు ఏబది యేండ్ల తరువాత సగము జవాబు వచ్చెను.

ఈ సీమలోని ముద్దేనహళ్లిలో తెలుగు కుటుంబమున జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1912 నుండి 1918 వరకు దివానుగ నుండిరి. వారి నిష్కళంకత నేటికిని ఇంటింట చెప్పుకొందురు. అయితే ఒక మహాపురుషుని నిజాయితీని కీర్తించుట సులభము. అట్టి నిజాయితీని చిన్న గుమాస్తానుండి అడిగి రాబట్టుట కష్టము. మొదటిదానితో తృప్తిపడి రెండవదానిని విడిచిపెట్టుట కూడ నిర్లిప్తతలో ఒక విధమే.

విదురాశ్వత్థము

1930 ప్రాంతమున మైసూరు 'మాదిరి సంస్థానము'గ పేరొందినది. విద్యుత్తు, కర్మాగారములు, ఉద్యానవనములు చూచి పరదేశీయులు మెచ్చిరి. ఇట్టి రాజ్యమున బాధ్యతాయుత ప్రభుత్వమెందులకు అను ప్రశ్న విద్యావంతులలో సైతము వినిపించెను. పాలన మంచిదైనప్పుడు అధికారమెవరిదైన నేమి అను ఈ భావమునకే మైసూరు కాంగ్రెసువారు ఎదురు నిలిచిరి. 1938 ఏప్రిలులో మద్దూరు సమీపమున శివపురమందు ప్రభుత్వ నిషేధమును ధిక్కరించి జాతీయపతాకము నెత్తిరి.

అటుపిమ్మట రెండు వారములకే, 1938 ఏప్రిలు 25న, గౌరిబిదనూరు తాలూకా విదురాశ్వత్థమున పతాకసత్యాగ్రహమునకై ప్రజలు కూడిరి. ఉత్తర పినాకినీ తీరమున, హిందూపురమునకు చేరువనున్న ఈ క్షేత్రము తెలుగువారికి చిరపరిచితము. నిరాయుధులైన ఆ ప్రజాసమూహముపై పోలీసులు కాల్పులు జరిపిరి. మృతులు ముప్పదిమందికి మించిరని ప్రజలు చెప్పగా, ప్రభుత్వము చాల తక్కువ సంఖ్యను ప్రకటించెను. చనిపోయినవారి లెక్కయే సర్కారుది ఒకటి, ప్రజలది ఒకటి యయ్యెను. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగ పనిచేసిన వేపా రామేశంగారి అధ్యక్షతన విచారణసంఘ మేర్పడెను. సర్దార్ పటేలు, ఆచార్య కృపలానీ వచ్చి దివాను మీర్జా ఇస్మాయిలుతో చర్చలు జరుపగా, మైసూరు కాంగ్రెసును ప్రభుత్వము గుర్తించెను. సంస్థాన పతాకముతోపాటు జాతీయపతాకమును ఎగురవేయ వచ్చునని ఒప్పందమయ్యెను.

అయినను బాధ్యతాయుత ప్రభుత్వమునకు మరి తొమ్మిదేండ్లు పట్టెను. 1947 ఆగస్టులో దేశము స్వతంత్రమైనను మైసూరున అధికారము దివాను చేతనే యుండగా, సెప్టెంబరులో 'మైసూరు చలో' ఉద్యమము సాగెను. అక్టోబరులో కోలారు సీమవాడైన కె. చెంగలరాయరెడ్డి ప్రథమ ముఖ్యమంత్రి యయ్యెను. నగరపు కూటము విదేశీపాలనకు దారితీయగా, విదురాశ్వత్థపు కూటము స్వపరిపాలనకు దారితీసినది. రెండింటికిని భేదమేమనగా, రెండవదానికి తానేమి కోరుచున్నదో ముందే తెలియును; దాని వెనుక సభలు, తీర్మానములు, సభ్యత్వములు గల సంస్థ యుండెను.

తరువాతి నిద్ర

విప్లవము ఫలించినదని తలచిన దినమే నిర్లిప్తత మరల ఆరంభమగును. రాజుపై నుండిన అనుమానము మన ప్రభుత్వముపై ఎందులకని జనులు తలచిరి. వంశపారంపర్యపు గ్రామోద్యోగములను మైసూరు రాష్ట్రము 1961 నాటి చట్టముచే రద్దుచేసెను. ఆంధ్రప్రదేశమున కరణము మునసబుల పదవులు 1984లో రద్దయినవి. రెండుచోట్లను పాత గ్రామాధికారి పోయెను. ఆ కుర్చీయందు కూర్చున్న క్రొత్త ఉద్యోగికి పాత మామూలు అందకుండ చేయుట చట్టమునకు సాధ్యము కాలేదు. ఏలయన ఈయవలెనను తలంపు పుచ్చుకొనువానికంటె ముందు ఇచ్చువానియందే నాటుకొనియుండెను.

దీనిని కేవలము ప్రజల తప్పిదముగ చెప్పుటయు న్యాయము కాదు. దేవరాజ అరసుగారి ప్రభుత్వముపై వచ్చిన ఆరోపణలను విచారించుటకు 1977లో కేంద్రప్రభుత్వము న్యాయమూర్తి గ్రోవరు కమిషనును నియమించెను. 1978 ఎన్నికలలో అరసుగారి పక్షమే గెలిచెను. ఆయన తెచ్చిన 1974 నాటి భూసంస్కరణలచే కౌలురైతులు భూమి పొందియుండిరి. ఆరోపణ వార్తాపత్రికలో నుండెను, పొలము కాలిక్రింద నుండెను. పేదవాడు రెండవదానిని ఎన్నుకొనుట మౌఢ్యము కాదు. కాని మేలు చేయు ప్రభుత్వమును లెక్క అడుగరాదను నియమము ఎచ్చటను లేదు. భూమియు కావలెను, లెక్కయు కావలెను అని ఒక్క నోట అడుగు శక్తి ప్రజలకు అలవడలేదు. అదియే నాటి లోటు.

1984 నాటి చట్టముచే కర్ణాటకమున లోకాయుక్త సంస్థ ఏర్పడెను. 2011లో లోకాయుక్త సంతోష్ హెగ్డేగారు ఇనుపఖనిజపు అక్రమ త్రవ్వకములపై సమర్పించిన నివేదిక ఫలితముగ ముఖ్యమంత్రి రాజీనామా చేసెను. ఒక్క తుపాకియు పేలక, ఒక నివేదికచే ప్రభుత్వాధిపతి దిగిపోవుట నగరపు రైతులు కలలోనైన ఊహింపని సంగతి. అయితే 2016లో ప్రభుత్వము అవినీతి నిరోధక దళమును వేరుగ నెలకొల్పి, లోకాయుక్త పోలీసులకుండిన దర్యాప్తు అధికారమును తీసివేసెను. 2022 ఆగస్టులో హైకోర్టు ఆ దళమును రద్దుచేసి అధికారమును మరల లోకాయుక్తకు ఇచ్చువరకు ఆరేండ్లు గడచెను. రాజు చేతినుండి పతాకమును గెలుచుటకు ప్రాణములిచ్చిన సీమ, తన కావలివాని చేతికఱ్ఱను తీసికొన్నప్పుడు న్యాయస్థానపు తీర్పుకై ఎదురుచూచుచు కూర్చుండెను.

లెక్క

తిరుగుబాటు, నిర్లిప్తత అనునవి పరస్పర విరుద్ధములని సామాన్యముగ తలతురు. మైసూరు చరిత్ర చూడగ అవి ఒకదాని వెనుక నొకటి వచ్చు ఋతువులవలె కనబడును. చిరకాలపు నిర్లిప్తతయే తిరుగుబాటును అనివార్యము చేయును. తిరుగుబాటు గెలిచితిమను తృప్తియే మరల నిర్లిప్తతను తెచ్చును. రెండింటియందును సామాన్యము ఒకటి కలదు: రెండును ప్రతిదినము చేయవలసిన పనిని తప్పించుకొనును. ఆ పని లెక్క యడుగుట.

ఇది అసాధ్యమైన ఆదర్శము కాదు. కర్ణాటకము 2000లోనే సమాచారహక్కు చట్టము చేసెను. 2005లో దేశమంతటికి అట్టి చట్టము వచ్చెను. 'భూమి' పథకముచే పహణీలు శానుభోగుని పెట్టెనుండి గణకయంత్రములోనికి వచ్చినవి. సరిహద్దుకు ఆవల, నాటి అనంతపురము జిల్లాలో, 2006లో ఉపాధిహామీ పనులపై సామాజిక తనిఖీలు జరిగినవి. కూలివాండ్ర పేర్లు, పని దినములు, చెల్లించిన సొమ్ము గ్రామసభలో తెలుగున బిగ్గరగ చదువబడినవి. తన పేర వ్రాయబడిన సొమ్ము తనకు ముట్టినదో లేదో కూలియే లేచి చెప్పవలెను. ఇందులో ఏ సింహాసనమును కూలలేదు. కాని మామూలునకు ప్రాణమైన రహస్యము ఆ సభలో నిలువజాలదు. ఒక్కొక్కడు వేరువేరుగ బేరమాడుకొనుటకు అచ్చట చోటుండదు.

షరతు కాలమున రైతు ఒంటరిగ కచేరికి పోయి మామూలిచ్చెను. నగరమునను, విదురాశ్వత్థమునను గుంపుగ కూడి ఎదురు తిరిగెను. గుంపుగ కూడి లెక్క చదివించుకొనుట మూడవ మార్గము. మురుగమల్లవంటి యూళ్లలో గుడికిని దర్గాకును జనులు భేదము లేక కూడగలరనుట అందరెరిగినదే. ఆ కూడిక సంవత్సరమున కొకమారైనను పంచాయతీ చావడి యెదుట జరిగి, ఊరి జమాఖర్చు ఇంటిభాషలో బిగ్గరగ చదువబడినచో, తప్పిపోయిన గుఱ్ఱమునకు తరతరములుగ పన్ను కట్టు దుస్థితి మరల రాదు. విదురాశ్వత్థమున పడిపోయినవారి ఋణము శిలాఫలకముచే మాత్రమే తీరదు. వారు గెలిచి యిచ్చిన అధికారమును ప్రతి యేడు లెక్క అడుగుటచేతనే తీరును.